అమ్మ మందుల డబ్బాలో బిళ్ల మీకెందుకు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. నా వయసు 41. పోయిన కార్తీక మాసంలో మా నాన్న కడుపు క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయనకు 63 ఏళ్లు. అంతకు ఎనిమిదేళ్ల ముందు పెదనాన్న కూడా అదే జబ్బుతో పోయారు. డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడు ఈమధ్య వాట్సాప్‌లో ఒకటి పంపాడు. రక్తసంబంధీకుల్లో కడుపు క్యాన్సర్ ఉన్నవాళ్లు రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటే ముప్పు తగ్గుతుందట. మా అమ్మకు గుండెలో స్టెంట్ వేసినప్పటి నుంచి ఎకోస్ప్రిన్ 75 వాడుతోంది, అదీ ఆస్పిరినే. నెల రోజులుగా ఆ స్ట్రిప్‌లోంచే రాత్రి అన్నం తిన్నాక నేనూ ఒకటి వేసుకుంటున్నాను. పైన కోటింగ్ ఉంటుంది కాబట్టి కడుపుకి ఏమీ కాదన్నాడు తమ్ముడు. నాకు ఎప్పటినుంచో కడుపులో మంట. పొద్దున్నే గ్యాస్ బిళ్ల వేసుకోకపోతే కాఫీ కూడా తాగలేను. కుట్టుమిషన్ పని వల్ల నడుం నొప్పి, దానికి వారంలో రెండు మూడుసార్లు నొప్పి బిళ్ల. ఆస్పిరిన్ కొనసాగించమంటారా? పచ్చళ్లు మానేయాలా? మా తమ్ముడికి కూడా ఈ ముప్పు ఉంటుందా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నాకు మీ కడుపు కంటే ముందు మీ అమ్మగారి మందుల డబ్బా గుర్తొచ్చింది. నెలకు లెక్కగా తెచ్చుకున్న బిళ్లలు ఇద్దరూ వేసుకుంటే పదిహేను రోజులకే అయిపోతాయి. ‘అబ్బాయి టౌన్‌కి వెళ్లినప్పుడు తెస్తాడులే’ అని ఆవిడ నాలుగు రోజులు ఊరుకుంటే? స్టెంట్ ఉన్న మనిషికి ఆ నాలుగు రోజులు చిన్న విషయం కాదు. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా కాస్తున్నది ఆ బిళ్లే. కాబట్టి మిగతాదంతా చదివే ముందు లేచి వెళ్లి, ఆవిడ స్ట్రిప్‌లో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రండి.

ఇక మీ సంగతి. ఆపేయండి, ఈ రాత్రి నుంచే. మీకు గుండెపోటు రాలేదు, స్టెంట్ లేదు, పక్షవాతం లేదు. మీరు వేసుకుంటున్నది నెల రోజులుగానే. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాల్సిన మందు కాదు ఇది. ఈ మాట మీకు చెప్తున్నాను, మీ అమ్మగారికి కాదు. ఈ పేజీ ఆవిడ చూసి, ‘డాక్టరు ఆపెయ్యమన్నాడు’ అని డబ్బా మూసేయకుండా చూసుకోండి.

మీ తమ్ముడు అబద్ధం పంపలేదు, ఆ న్యాయం అతనికి చెయ్యాలి. ఆస్పిరిన్‌కీ జీర్ణకోశ క్యాన్సర్లకీ లంకె ఉందన్న మాట చాలా ఏళ్లుగా నడుస్తోంది. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. గుండె జబ్బుల కోసం ఆస్పిరిన్ ఇచ్చి చూసిన ఎనిమిది పరీక్షల్లోని 25,570 మందిని లెక్కలోకి తీసుకున్నారు. ఆస్పిరిన్ వాడినవాళ్లలో క్యాన్సర్ చావులు తక్కువ కనిపించాయి. అయితే ఆ తేడా బయటపడటానికే సుమారు ఐదేళ్లు పట్టింది, కడుపు క్యాన్సర్ విషయంలో ఇంకా ఎక్కువ కాలం. 2018లో హాంకాంగ్ వాళ్లు 63 వేల మందికి పైగా రికార్డులు తిరగేశారు. వీళ్లంతా కడుపులోని ఒక బాక్టీరియాకు మందులు వాడి దాన్ని పోగొట్టుకున్నవాళ్లు. ఆ బాక్టీరియా పేరు కాసేపట్లో వస్తుంది, గుర్తుంచుకోండి. వాళ్లలో ఆస్పిరిన్ కూడా వాడుతున్నవాళ్లకు కడుపు క్యాన్సర్ 70 శాతం తక్కువ ఉంది. ఇలాంటి అంకె ఫోన్‌లో మెరిస్తే, తండ్రిని పోగొట్టుకున్న కొడుకు అక్కకి పంపకుండా ఎలా ఉంటాడు?

చిక్కెక్కడ ఉందో నా ఓపీలో కూర్చుంటే మీకే తెలుస్తుంది. కడుపులో మంట, పేగుపూత, ఒకసారి రక్తం వాంతి అయిన చరిత్ర, ఇలాంటివి ఉన్న మనిషి వస్తే ఆస్పిరిన్ రాయడానికి నాకే చెయ్యి రాదు. రాయక తప్పని గుండె డాక్టరు కూడా వేరే మందు వైపు చూస్తారు. వేసుకోవడం మొదలుపెట్టినవాళ్లలో కూడా కడుపు సరిలేనివాళ్లు రెండు నెలలకే మానేస్తారు. ఏళ్ల తరబడి ఆస్పిరిన్ వాడుతూ ‘వాడినవాళ్లు’ అనే ఖాతాలో మిగిలేది ఎవరు? మొదటినుంచీ కడుపు గట్టిగా ఉన్నవాళ్లే ఎక్కువ. పుచ్చు వంకాయలన్నీ ముందే ఏరి పారేసిన బుట్టను చూసి, ఇది మంచి బుట్ట కాబట్టే వంకాయలు పుచ్చలేదు అన్నట్టుంటుంది. పరిశోధకులకు ఈ సంగతి తెలియదని కాదు. లెక్కల్లో సర్దడానికి చూస్తారు. కానీ రికార్డుల్లో లేనిదాన్ని ఎంతని సర్దుతారు?

అందుకే చీటీ వేసినట్టు సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి చూసే పరీక్షలకు అంత విలువ. ఆస్పిరిన్ మీద అలాంటి పెద్ద పరీక్ష ఒకటి ఆస్ట్రేలియా, అమెరికాల్లో జరిగింది. పేరు ఆస్ప్రీ. గుండె జబ్బు లేని 19,114 మంది పెద్దవాళ్లకు, ఎక్కువమంది 70 దాటినవాళ్లే, సుమారు ఐదేళ్లపాటు ఇచ్చి చూశారు. 2018లో ఫలితాలు వస్తే అందరూ తలలు పట్టుకున్నారు. ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లలో క్యాన్సర్ చావులు తగ్గలేదు సరికదా, పెరిగాయి: 3.1 శాతం, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో 2.3 శాతం. పెద్ద రక్తస్రావాలూ ఎక్కువే. మీ వయసు 41, వాళ్లది 70, కాబట్టి ఆ అంకెలు తెచ్చి మీకు అంటగట్టను. ఈ బిళ్ల క్యాన్సర్‌కు అడ్డుగోడ అని నమ్మి మింగే ముందు తెలిసి ఉండాల్సిన సంగతి కాబట్టి చెప్పాను. మీ తమ్ముడు ఉంటున్న దేశంలోనే, జబ్బులు రాకుండా ఎవరు ఏం చెయ్యాలో ప్రభుత్వానికి సలహా చెప్పే నిపుణుల బృందం 2022లో తన పాత సలహాను మార్చుకుంది. 60 దాటినవాళ్లు గుండె కోసమని ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టవద్దంది. పెద్దపేగు క్యాన్సర్ తగ్గుతుందని అంతకుముందు రాసుకున్న మాటను కూడా పక్కన పెట్టింది.

‘కోటింగ్ ఉంది కదా’ అన్నది మా ఓపీలో రోజూ వినే మాటే. బిళ్ల కడుపులో కాకుండా పేగులోకి వెళ్లి కరగాలని ఆ పూత వేస్తారు. అంతవరకు నిజమే. కానీ ఆస్పిరిన్ కడుపుకి చేసే చెరుపు అది తగిలిన చోట మాత్రమే ఉండదు. పేగులోంచి రక్తంలో కలిసి, చుట్టూ తిరిగి మళ్లీ కడుపు గోడకే చేరుతుంది. మన కడుపులో ఊరే ఆమ్లం మాంసాన్ని అరిగించగలదు. అది సొంత గోడనే అరిగించేయకుండా పైన జిగురు పొర ఒకటి కాపాడుతుంటుంది. ఆ పొర ఊరడానికి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు కావాలి. ఆస్పిరిన్ వాటి తయారీనే ఆపుతుందని 1971లో జాన్ వేన్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. 1982లో ఆయనకు నోబెల్ ఇచ్చినవాళ్లు ఈ పని కూడా లెక్కలోకి తీసుకున్నారు. రక్తంలోంచి వచ్చే దెబ్బకి బిళ్ల మీద పూత ఏం అడ్డం పడుతుంది? పైగా రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్లను ఆస్పిరిన్ ఒకసారి పట్టుకుందంటే అవి బతికే వారం పది రోజులూ వదలదు. అంటే పుండు పడటానికి అదే కారణం, పుండులోంచి కారే రక్తం ఆగకపోవడానికీ అదే కారణం. చిన్న డోసు కూడా కడుపులో రక్తస్రావం ముప్పుని దాదాపు రెట్టింపు చేస్తుంది. దానికి మీ నడుం నొప్పి బిళ్ల తోడైతే, అది డైక్లోఫెనాకో ఐబుప్రొఫేనో అయ్యుంటుంది, ముప్పు ఇంకా పైకి పోతుంది.

ఆమధ్య ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. మెట్లెక్కితే ఆయాసం అన్నారు. గుండె అనుకుని ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి, అక్కడ అంతా బాగానే ఉందంటే నా దగ్గరికి. కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టిన గోడలా ఉంది. హిమోగ్లోబిన్ ఆరు. ‘విరోచనం ఎలా అవుతోంది మాస్టారూ’ అంటే కాస్త సిగ్గుపడి, ‘నల్లగా, జిగటగా, తారులా. గోంగూర వల్లేమో అనుకున్నా’ అన్నారు. గొట్టం వేసి చూశాం. కడుపు కింది భాగంలో పావలా బిళ్లంత పుండు, నడిమధ్య నల్లటి రక్తపు గడ్డ. ఎవరో చెప్పారని గుండెకు మంచిదంటూ రోజూ ఆస్పిరిన్, మోకాళ్లకి నొప్పి బిళ్ల. రెండూ ఆయన సొంత వైద్యమే. బతికారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. గోంగూర మీదికి నెపం పోయిందని ఆ పుండు కంటే ఎక్కువ బాధపడ్డారు. ఈ నెలలో మీకెప్పుడైనా అలాంటి విరోచనం అయి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లండి.

మీ తమ్ముడు పంపిన కబురులో లేని పేరు ఇప్పుడు చెప్తాను: హెలికోబాక్టర్ పైలోరి. ఇందాక గుర్తుంచుకోమన్న బాక్టీరియా ఇదే. కడుపు ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని వైద్యులంతా నమ్మిన రోజుల్లో, 1982లో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ దీన్ని పెంచి చూపించారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని గటగటా తాగి, కడుపు వాపు తెచ్చుకుని మరీ రుజువు చేశాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అంతకుముందే, 1994లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ బాక్టీరియాని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో, పొగాకు పక్కన పెట్టింది. మన దేశంలో సగానికి పైగా జనం కడుపుల్లో ఇది ఉంటుంది. అందరికీ క్యాన్సర్ రాదు, కొద్దిమందికే వస్తుంది. ఏళ్ల తరబడి కడుపు గోడ వాచి, తర్వాత పలచబడి, ఆపైన కణాల తీరు మారిపోయి, ఎక్కడో చివరి మెట్టు మీద ఉంటుంది క్యాన్సర్.

ఇది సాధారణంగా చిన్నప్పుడే అంటుకుంటుంది, అదీ ఇంట్లోవాళ్ల నుంచే. ‘మా వంశంలో ఉంది’ అని మనం అనుకునే దాంట్లో కొంత జన్యువులు, కొంత ఒకే కంచం, ఒకే గ్లాసు, ఒకే వంటిల్లు. కన్నవాళ్లకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లకు ముప్పు మిగతావాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. వంశాన్ని మార్చుకోలేం గానీ కడుపులోని బాక్టీరియాని పంపించెయ్యొచ్చు.

పంపిస్తే ఏమవుతుందో సరిగ్గా మీలాంటివాళ్ల మీదే చీటీ వేసి చూశారు, దక్షిణ కొరియాలో. తల్లికో తండ్రికో తోబుట్టువుకో కడుపు క్యాన్సర్ వచ్చి, తమ కడుపులో ఈ బాక్టీరియా ఉన్న 1,676 మంది. సగం మందికి నిజం మందులు, సగం మందికి ఉత్తుత్తివి. తొమ్మిదేళ్లకు పైగా గమనించి 2020లో ఫలితం ప్రకటించారు. మందులు ఇచ్చిన 832 మందిలో 10 మందికి క్యాన్సర్ వచ్చింది. ఇవ్వని 844 మందిలో 23 మందికి. సగానికి పైగా తగ్గింది. ఏళ్ల తరబడి మింగే బిళ్లతో కాదు, కొద్ది రోజుల మందులతో. ఆ అంకెల్నే ఇంకో వైపు నుంచి కూడా చూడండి. మందులు ఇవ్వనివాళ్లలో కూడా, తొమ్మిదేళ్లలో నూటికి 97 మందికి క్యాన్సర్ రాలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు ఈ 97 తలుచుకోండి.

కాబట్టి మీకు కావాల్సింది పరీక్ష. కొరియాలో 40 దాటిన వాళ్లందరికీ రెండేళ్లకోసారి కడుపు పరీక్ష ప్రభుత్వమే చేయిస్తుంది. మన దగ్గర నోటికి, రొమ్ముకి, గర్భాశయ ముఖద్వారానికి అలాంటి కార్యక్రమం ఉంది గానీ కడుపుకి లేదు. మనమే వెళ్లి అడగాలి. మీకు 41 ఏళ్లు, తండ్రి చరిత్ర ఉంది, పైగా ఏళ్ల నాటి మంట. జీర్ణకోశ నిపుణుల దగ్గర ఒకసారి ఎండోస్కోపీ చేయించుకోండి. పేరు వింటేనే గొంతు పట్టేస్తుందని నాకు తెలుసు. గొంతులో మందు కొడతారు, పని పది నిమిషాల్లోపే అయిపోతుంది. గొట్టంలోంచి నువ్వుగింజంత ముక్కలు కొన్ని తీస్తారు, నొప్పి తెలియదు. అందులో ఒకటి పసుపు రంగు జిగురు మందులో వేస్తారు. బాక్టీరియా ఉంటే అది అమ్మోనియా తయారుచేసి ఆ పసుపుని గులాబీ రంగులోకి తిప్పేస్తుంది. ఒక్కోసారి మీరు మంచం దిగేలోపే రంగు మారిపోతుంది. మిగతా ముక్కలు ల్యాబ్‌కి వెళ్తాయి. గోడ పలచబడిందా, కణాలు మారాయా అన్నది అక్కడ తేలుతుంది. మారి ఉంటే కొన్నేళ్లకోసారి మళ్లీ చూడాలి. అన్నీ బాగుంటే ఆ బెంగ తీరుతుంది.

ఒక ముఖ్యమైన సంగతి: పరీక్షకు రెండు వారాల ముందు ఆ గ్యాస్ బిళ్ల ఆపాలి, యాంటిబయాటిక్ ఏదైనా వాడి ఉంటే నాలుగు వారాలు ఆగాలి. లేదంటే బాక్టీరియా ఉండి కూడా లేనట్టు చూపిస్తుంది. ఆ రెండు వారాలు మంటకి ఏం వాడుకోవచ్చో డాక్టరునే అడగండి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేసి ‘ఉంది’ అని చెప్పే ల్యాబులున్నాయి. అది ఎప్పుడో వచ్చిపోయినదాన్ని కూడా ఉందనే చెప్తుంది. డబ్బు దండగ.

ఉందని తేలితే 14 రోజుల మందులు. మన దేశంలో ఈ బాక్టీరియా కొన్ని యాంటిబయాటిక్స్‌కి బాగా మొండికేసింది. కాబట్టి మెడికల్ షాపులో ఇచ్చే ఏడు రోజుల కిట్ కొనుక్కుని ముగించకండి. మందులు వాడినన్నాళ్లూ నోరంతా చేదు, ఇనుము నాకినట్టుంటుంది. కొందరికి వికారం. బిస్మత్ అనే మందు ఉంటే విరోచనం నల్లగా వస్తుంది, అప్పుడు మాత్రం మాస్టారిలా కంగారు పడక్కర్లేదు. తొమ్మిదో రోజున ‘ఇక చాలు’ అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. ఆపకండి. అయిపోయాక కనీసం నాలుగు వారాలు ఆగి, ఊపిరి పరీక్షో మలం పరీక్షో చేయించి, పోయిందని ఖాయం చేసుకోవాలి. మనవాళ్లు ఎగ్గొట్టేది ఇదే. కొరియా పరీక్షలో అసలు లాభం పొందింది బాక్టీరియా నిజంగా పోయినవాళ్లే. పోయినవాళ్లలో క్యాన్సర్ 0.8 శాతం, పోకుండా ఉండిపోయినవాళ్లలో 2.9 శాతం.

మీ తమ్ముడికీ ఇదే ముప్పు, ఇదే పరీక్ష. తెనాలిలో చిన్నప్పుడు అంటుకున్న బాక్టీరియా డాలస్ విమానం ఎక్కితే పోదు, వీసా ఆఫీసులో దాన్ని ఎవరూ వెతకరు. అక్కడి డాక్టరుకి ‘మా నాన్నకు కడుపు క్యాన్సర్’ అని నోరు తెరిచి చెప్పమనండి. అక్కడివాళ్లు తమంతట తాము దాని గురించి ఆలోచించకపోవచ్చు.

మీ అమ్మగారు నాన్నగారికి రక్తసంబంధీకులు కాదు కాబట్టి ఆ వంశపు ముప్పు ఆవిడకు లేదు. కానీ ఆస్పిరిన్ జీవితాంతం వాడాల్సిన మనిషి ఈ ఇంట్లో ఆవిడే. కడుపులో బాక్టీరియా, పైన ఆస్పిరిన్, రెండూ కలిస్తే పుండ్లు రక్తం కారే అవకాశం పెరుగుతుంది. బ్రిటన్‌లో 60 దాటిన ఆస్పిరిన్ వాడకందారులకు ఈ బాక్టీరియా పోగొట్టి చూస్తే, మొదటి రెండున్నరేళ్లలో రక్తస్రావంతో ఆసుపత్రిలో చేరడం బాగా తగ్గింది. 2022లో వచ్చింది ఆ ఫలితం. ఆవిడ గుండె డాక్టరుని అడిగి ఒక మలం పరీక్ష చేయించండి. ఆవిడకు గొట్టం అక్కర్లేదు.

పచ్చళ్ల గురించి అడిగారు. ఉప్పులో ఊరినవి ఎక్కువగా తినే కొరియా, జపాన్‌లలో ఈ క్యాన్సర్ ఎక్కువ. ఉప్పుకి అందులో వాటా ఉంది. అన్నంలో మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా ఆవకాయ, పక్కన ఎండుచేప, పైన వడియాలు, అలా అయితే తగ్గించండి. గుంటూరు జిల్లాలో ఉంటూ ఆవకాయ పూర్తిగా మానెయ్యమని రాసే ధైర్యం నాకు లేదు. నాన్నగారు, పెదనాన్నగారు చుట్ట తాగేవారా అన్నది మీరు రాయలేదు. ఇంట్లో ఇంకెవరైనా తాగుతుంటే ముందు అది మాన్పించండి. నడుం నొప్పికి ఇకనుంచి పారసెటమాల్. జ్వరానికి కూడా అదే. జ్వరం వస్తే ఆస్పిరిన్ జోలికి అసలు పోవద్దు, అది డెంగీ అయితే రక్తస్రావానికి మనమే తలుపు తీసినట్టవుతుంది.

ఇంకొక్కటి. ఆస్పిరిన్‌ని క్యాన్సర్ కోసమే డాక్టర్లు రాసే కుటుంబాలు నిజంగానే ఉన్నాయి. లించ్ సిండ్రోమ్ అని ఒక వంశపారంపర్య లోపం. అందులో ముఖ్యంగా పెద్దపేగు, గర్భాశయం క్యాన్సర్లు చిన్న వయసులోనే వస్తాయి, కడుపుకీ ముప్పు ఉంటుంది. ఆ లోపం ఉన్న 861 మంది మీద చేసిన పరీక్షలో, రెండేళ్లపాటు ఆస్పిరిన్ వాడినవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ 13 నుంచి 9 శాతానికి తగ్గింది. తగ్గింది పెద్దపేగు క్యాన్సర్, గమనించండి. ఇంకో లోపం సీడీహెచ్1 అనే జన్యువుది. 1998లో న్యూజిలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబంలో బయటపడింది. దానికి దారి ఆస్పిరిన్ కాదు, వేరే వైద్యం. ఇద్దరు అన్నదమ్ములు పోయారు కాబట్టి మీ ఇంటిది ఈ రెంటిలో ఏదీ కాదని చూడకుండా అనలేను. అరవై దాటాక వచ్చింది కాబట్టి అయ్యే అవకాశం తక్కువనే నా అంచనా.

నాన్నగారి ఫైలు బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది, అలాంటి కాగితాలు ఎవరూ పారెయ్యరు. అందులో బయాప్సీ రిపోర్టు వెతకండి. ‘డిఫ్యూజ్’ అనో, ‘సిగ్నెట్ రింగ్’ అనో ఉందా, ‘ఇంటెస్టినల్’ అని ఉందా చూడండి. ఇవి కడుపు క్యాన్సర్ రకాల పేర్లు; మొదటి రెండూ సీడీహెచ్1 లోపంలో కనిపించే రకం. పెదనాన్నగారిది వాళ్ల పిల్లల దగ్గర దొరికితే అదీ తెప్పించండి. నాన్న తరఫున మేనత్తల్లో, బాబాయిల్లో ఎవరికైనా పేగు క్యాన్సర్, గర్భాశయం క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే వయసుతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. ఎండోస్కోపీకి వెళ్లేటప్పుడు ఆ కాగితం, ఆ రిపోర్టు డాక్టరు ముందు పెట్టండి. రిపోర్టులో ఆ మాట ఏముందో నాకూ ఒక ఉత్తరం ముక్క రాయండి.